మచ్చగొడుగు, మచ్చపిల్లి

ఎవరే నీకు చెప్పింది, మీ నాన్నేనా? గొడుగుతో కొట్టి తరిమిందా? అడవిపిల్లినా? మా అత్తగారా? హవ్వ! వాడికేం తెలుసే, అప్పటికి వాడింకా బోర్లా పడి తల ఎత్తలేక ఏడ్చే వయసు. దగ్గరుండి చూసినట్టే చెప్తాడు. అక్కడున్నది ముగ్గురం. ఒకావిడ పోయింది, ఒకావిడ ఎక్కడుందో తెలీదు, మిగిలింది నేను. నన్నడగాలి గానీ వాణ్ణడిగితే ఏమొస్తుంది? కూర్చో. ఆ దిండు నా నడుం వెనక పెట్టి కూర్చో. ఇంకొంచెం కిందకి. ఆ, చాలు.

నీకు మా అత్తగారంటే ఫోటోలో ముసలావిడే కదా తెలుసు. నేను పెళ్ళయి వచ్చేనాటికి ఆవిడ నిటారుగా, ఇంత పొడుగున ఉండేది, గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు తగ్గేది. మాటలు తక్కువ. పొగరని అనుకునేదాన్ని మొదట్లో. పొగరు కాదు, నోట్లో ఎప్పుడూ గుండుసూదులు ఉండేవి. గొడుగుల షాపు కదా మనది. కింద షాపు, వెనక వంటిల్లు, మేడ మీద రెండు గదులు. కొత్త గొడుగులు అమ్మేవాళ్ళం గానీ అసలు పని బాగుచెయ్యడమే. ఊచ విరిగినవి, గుడ్డ చిరిగినవి, స్ప్రింగు పోయి తెరిస్తే ముయ్యనివి, మూస్తే తెరవనివి. షాపు పైకప్పు నుంచి గొడుగులన్నీ తలకిందులుగా వేలాడేవి, గబ్బిలాల్లాగా. మీ తాతయ్య ఊచలు వంచేవాడు, ఆవిడ గుడ్డ కుట్టేది, నేను బల్ల దగ్గర కూర్చుని ఎవరి గొడుగు ఎవరిదో పోల్చుకుంటూ ఇచ్చేదాన్ని. అన్నీ నల్లవే, ఎలా పోల్చేదాన్నంటావా? పిడి వాసన చూసి. నవ్వకు. సిగరెట్లు తాగేవాళ్ళవి, రొట్టెల కొట్టాయనవి, మందుల షాపాయనవి, అన్నీ తెలిసిపోయేవి.

ఇక మా అత్తగారి సంగతి. ఏడాది పొడుగునా ఆ బల్ల వదిలి కదిలేది కాదు. కానీ మొదటి పెద్ద వాన పడి, రెండో వాన కూడా పడి, కాస్త ఎండ పొడ వచ్చిందా, మర్నాడు పొద్దున లేచేసరికి ఆవిడ ఉండదు. బుట్ట ఉండదు. ఎటు పోయిందో తెలీదు. సరిగ్గా ఆ రోజే ఊళ్ళో వాళ్ళందరికీ తమ గొడుగు చిరిగిందని తెలిసేది. గుమ్మం దాకా జనం. "అమ్మగారు ఏరి?" అంటారు. "గొడుగుల కోసం వెళ్ళారండీ" అంటాను. "గొడుగుల కోసమా? మరి ఇవేమిటీ?" అని పైకి చూపించి ఒకటే నవ్వులు. పుట్టగొడుగులమ్మా! అడవి పుట్టగొడుగులు. వాటికోసం వెళ్ళేది. మధ్యాహ్నం లోపు వచ్చేసేది, మోకాళ్ళ దాకా బురద, జుట్టు నిండా ఆకులు, బుట్ట మీద తడిగుడ్డ. ఆ గుడ్డ తీస్తే ఉండేది చూడు వాసన, తడిసిన మట్టి, వేయించిన గింజలు కలిపినట్టు. తేనెరంగు గొడుగు, దాని మీద ముదురు మచ్చలు. మచ్చగొడుగు అనేది ఆవిడ. ఉల్లిపాయ, మిరియాలు, అంతే, ఇంకేం వేసినా ఒప్పుకునేది కాదు. తిన్న రోజు మీ తాతయ్య పూట గడిచేదాకా ఎవరి మీదా విసుక్కునేవాడు కాదు.

ఎక్కడ దొరుకుతాయో మాత్రం చెప్పదు. ఊరంతా అడిగింది. రొట్టెల కొట్టాయన ఒకసారి వెనకాల దొంగచాటుగా నడిచాడట, ఆవిడ గమనించీ గమనించనట్టు కొండ ఎక్కించి, వాగు దాటించి, ముళ్ళలోంచి తిప్పి తిప్పి, చివరికి ఆయన కొట్టు వెనక గుమ్మానికే తెచ్చి వదిలిందట. "మాడుతున్న వాసన వస్తోంది, లోపలికెళ్ళు నాయనా" అందట. ఆయనే చెప్పుకుని నవ్వేవాడు పాపం. నేనూ అడిగాను, కొత్త కోడలిని కదా, ముచ్చటపడి అడిగాను. "అత్తయ్యా, ఈసారి నేనూ వస్తా, ఎటువైపు?" అని. సూదులు తీసి అరచేతిలో పెట్టుకుని, "కాళ్ళు ఎటు తీసుకెళితే అటు" అంది. మళ్ళీ సూదులు నోట్లో పెట్టేసుకుంది. అంతే, అయిపోయింది. ఆ బురద బట్టలు ఉతికేది నేను. గొడుగులు శుభ్రం చేసేది నేను. చోటు మాత్రం నాకు తెలియకూడదు. కడుపు రగిలిపోయేదనుకో.

ఆ రోజుల్లోనే పిల్లులమ్మాయి వచ్చింది. మేడ మీద గది అద్దెకిస్తామని షాపు తలుపుకి కాగితం అంటించాం. ఎవరైనా స్కూలు టీచరు వస్తుందనుకున్నాం. ఈ పిల్ల వచ్చింది. కత్తిరించిన జుట్టు, మగవాళ్ళ బూట్లు, మోయలేనన్ని పెట్టెలు, మెడలో కెమెరా. "ఏం చేస్తావమ్మా?" అంటే "పిల్లిని వెతుకుతున్నానండీ" అంది. మా అత్తగారు "తప్పిపోయిందా?" అంది పాపం, నిజంగానే. అది ఇంటి పిల్లి కాదు, అడవిపిల్లి. మన పెరట్లో తిరిగే పిల్లి కన్నా చిన్నదట, ఒంటి మీద మచ్చలట, ఈ కొండల్లో ఒకప్పుడు ఉండేదట, ఇప్పుడు ఉందో లేదో ఎవరికీ తెలీదట. ఉందని తేల్చాలని పెద్ద చదువుల వాళ్ళు ఈ అమ్మాయిని పంపించారు. పిల్లిని వెతకడానికి జీతమిస్తారా అని మీ తాతయ్య ఊచ వంచుతూ అలా నోరు తెరిచి ఉండిపోయాడు.

మంచి పిల్లే. తెల్లారకముందే వెళ్ళేది, సాయంత్రానికి చేతుల నిండా గీతలతో వచ్చేది. మెట్ల మీద కూర్చుని కాళ్ళకి పట్టిన జలగల్ని లాక్కుంటూ మీ నాన్నతో కబుర్లు చెప్పేది. వాడు ఆ అమ్మాయిని చూస్తే చాలు కాళ్ళూ చేతులూ ఆడించేవాడు. ఒకే ఒక్కసారి గొడవైంది. స్నానాల గదిలో ఏదో వాసన. వెళ్ళి చూస్తే ఈ పిల్ల టీ జల్లెడలో ఏదో కడుగుతోంది. ఏమిటమ్మా అంటే, "పెంట అండీ. ఆ పిల్లిదే అనుకుంటున్నా. లోపల ఎముకలుంటాయి, ఏం తిందో తెలుస్తుంది" అంది, బంగారం దొరికినంత సంబరంగా. మా అత్తగారు మేడెక్కి వచ్చింది. నోట్లో సూదులు లేవు. "నా ఇంట్లో, నా జల్లెడలో, పిల్లి పెంట కడుగుతావా?" ఆ అమ్మాయి బెదరలేదే! "ఇది మీ జల్లెడ కాదండీ, నేను కొనుక్కున్నా. చూడండి, ఎలుక పన్ను" అని చేతిలో పెట్టింది. మా అత్తగారు ఆ పన్నుని కిటికీ దగ్గర వెలుతుర్లో తిప్పి తిప్పి చూసింది. "పెరటి కుళాయి దగ్గర కడుక్కో" అని దిగిపోయింది. అంటే ఒప్పుకున్నట్టు.

ఏం చెప్తున్నాను? ఆ, పిల్లికీ గొడుగుకీ పోలికలు. సాయంత్రాలు షాపు మూశాక ఆ అమ్మాయి కిందకి వచ్చి బల్ల మీద కాళ్ళాడిస్తూ కూర్చునేది, ఈవిడ గుడ్డ కుట్టేది. ఇద్దరికీ పోటీ. నా పిల్లి గొప్పదంటే నా గొడుగు గొప్పదని. "మీ గొడుగు ఏటా వస్తుంది కదండీ. నా పిల్లిని చూసినవాళ్ళే లేరు" అనేది అమ్మాయి. "నీ పిల్లికి కాళ్ళున్నాయి, దాక్కుంది. అందులో ఏం గొప్ప? నా గొడుగు కాళ్ళు లేకుండా, కదలకుండా, నీ బూటు పక్కనే నిలబడి ఉంటుంది. అయినా నీకు కనబడదు. ఏది గొప్ప?" అనేది ఈవిడ. "పిల్లి అడుగుజాడ వదుల్తుంది, మీ గొడుగు ఏం వదుల్తుంది?" "వాసన." "పిల్లి కూడా వాసన వదుల్తుందండీ." "అది వాసనా! మొన్న చూశాంగా మేడ మీద." అలా నవ్వుకునేవాళ్ళు. రెండింటికీ మచ్చలే, రెండూ పిలిస్తే రావు, రెండిటికీ నీడ కావాలి, తడి కావాలి, మనిషి పొడ గిట్టదు. పెంచుదామంటే పెరగవు. ఆవిడ ఒకసారి మచ్చగొడుగు వేళ్ళు మట్టితో సహా తెచ్చి పెరట్లో పాతిందట, ఏం రాలేదు. పిల్లిని బోనులో పెడితే తిండి మానేస్తుందని ఈ అమ్మాయి చెప్పింది. "అయితే రెండూ ఒక తల్లి పిల్లలే" అని మా అత్తగారు అంటే ఇద్దరూ పడి పడి నవ్వారు. నేను బల్ల దగ్గర మీ నాన్నని జోకొడుతూ వినేదాన్ని. ఆవిడ అంత నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నాతో ఎందుకు నవ్వదా అనిపించేది, అదీ ఉండేది మనసులో.

అలా నవ్వుకుంటుంటేనే ఒకరోజు ఆ అమ్మాయి ఉన్నట్టుండి అడిగింది. "అమ్మగారూ, మీ గొడుగుల్ని ఎలుకలు తింటాయా?" "తినకేం, ముదనష్టపువి. నాకన్నా ముందే వచ్చి అంచులన్నీ కొరికి పోతాయి." అమ్మాయి కాళ్ళాడించడం ఆపేసింది. "ఎలుకలొస్తే వాటికోసం పిల్లి వస్తుంది కదండీ" అంది మెల్లగా. మా అత్తగారు సూదిలో దారం ఎక్కిస్తోంది, ఎక్కడం లేదు. ఎప్పుడూ ఒక్కసారికే ఎక్కించే మనిషి. నాకప్పుడే తెలిసిపోయింది, ఈవిడ చూసింది ఆ పిల్లిని. ఆ అమ్మాయికీ తెలిసిపోయింది. కానీ చూడు, అడగలేదు. "పొద్దుపోయింది, పడుకుంటానండీ" అని లేచి వెళ్ళిపోయింది. అడిగుంటే ఈవిడ చచ్చినా చెప్పేది కాదు.

ఆ ఏడాది వానలు ఆలస్యం. ఆ అమ్మాయిని వెనక్కి వచ్చెయ్యమని కబురొచ్చింది. ఆ కొండల్లో పిల్లి లేదని రాసేసి, పెట్టెలు సర్దుకుని రమ్మని. ఆ పిల్ల ముఖం చూడలేకపోయాం. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టేది. "ఉంది. నాకు తెలుసు ఉందని. లేదని నా చేత్తో ఎలా రాయను?" అంది ఒకసారి. పెట్టెలు ఒక్కొక్కటే కిందకి దింపుతోంది. సరిగ్గా అప్పుడు పడింది వాన. ఒకటి, దాని వెనకే ఇంకోటి. సాయంత్రం ఎండ పొడ. నేను వంటింట్లో ఉన్నాను. మెట్ల దగ్గర మా అత్తగారి గొంతు వినిపించింది, "అమ్మాయ్, రేపు తెల్లారకముందే లే. ఆ బూట్లు వద్దు, చప్పుడు" అని.

నాకెలా ఉంటుందో చెప్పు! కోడలిని, ఇంటి మనిషిని, నాకు చెప్పని చోటు నిన్నగాక మొన్న అద్దెకొచ్చిన పిల్లకి చూపిస్తుందా? నేనేం అనలేదు. గిన్నెలు తోమాను. ఎలా తోమానో వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. మీ తాతయ్య అయితే పాడైన గొడుగు ఒకటి తెరిచి పట్టుకుని దాని వెనక ముఖం దాచేసుకున్నాడు, పని చేస్తున్నట్టు. ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఆ గిన్నె ఏం పాపం చేసింది?" అంది. ఇంక ఆగలేకపోయాను. "నేనడిగితే చెప్పలేదు కదా అత్తయ్యా! ఆ అమ్మాయి అడక్కుండానే చెప్తారా?" అనేశాను, ఏడుపొచ్చేసింది. కోప్పడుతుందనుకున్నా. పీట లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.  "ఆ పిల్ల వెళ్ళిపోతుంది. వెళ్ళిపోయేవాళ్ళకి చూపించినా చోటు నాదే. నీకు చూపించానంటే, ఇక అది నీదైపోతుంది. నాకింకా ఇచ్చెయ్యాలని లేదే అమ్మాయ్. అదొక్కటే నాకని ఉన్నది" అంది. అంతే.  అంత ఉన్నమాట నాతో ఎవరూ చెప్పలేదు అప్పటిదాకా. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "పిల్లాణ్ణి వాళ్ళ నాన్నకిచ్చి నువ్వూ రా. చూసినంత మాత్రాన తీసేసుకుంటావా ఏం" అంది.

వెళ్ళాం. ముగ్గురం, చెప్పులు చేత్తో పట్టుకుని. ఎటు వెళ్ళామో అది నీకనవసరం. రెండు పెద్ద నల్ల గొడుగులు తెచ్చింది ఆవిడ, పైన చినుకు లేదు. ఎందుకో అడగలేదు, బయల్దేరేటప్పుడే మాట్లాడొద్దంది. ఒక వాలు మీద పెద్ద చెట్టు ఎప్పుడో పడిపోయి నాచు పట్టి ఉంది. దాని పక్కన చూపించింది. నాకేం కనబడలేదు. ఆకులు, అంతే. కూర్చోమంది. కూర్చుంటే, ఒకటి కనబడింది. దాని పక్కన ఇంకోటి. ఆ తర్వాత చూస్తే నేల నేలంతా అవే! అబ్బ, ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది తలుచుకుంటే. పెళ్ళికొచ్చిన జనంలాగా చిన్నా పెద్దా అంతా గుమిగూడి నిలబడ్డట్టు. పిల్లులమ్మాయి వంగి అంచులు చూసింది, కొరికిన గాట్లు. నా వైపు చూసి కళ్ళతోనే నవ్వింది.

అప్పుడు మా అత్తగారు ఆ గొడుగులు రెండూ తెరిచి నేలకి పక్కవాటుగా ఆనించి పెట్టింది, గోడలాగా. వాటి వెనక ముగ్గురం. ఆ రెండు గొడుగుల మధ్య సందులోంచి కెమెరా. నా మోకాలు ఆవిడ డొక్కలో, ఆ పిల్ల మోచెయ్యి నా ముక్కు మీద. ఎంతసేపు కూర్చున్నామో. కాళ్ళు తిమ్మిరెక్కి నావో కావో తెలియలేదు. అదిగో, అప్పుడొచ్చింది. వచ్చిందని కూడా అనలేం, లేదు, లేదు, ఉంది. అలాగ. ఇంతే ఉంది, రెండు చేతుల్లో పట్టేంత. చెవులు గుండ్రంగా, ముఖం మీద తెల్లటి చారలు, ఒళ్ళు అదే తేనెరంగు, అవే మచ్చలు. ఆ గొడుగుల మధ్యలోకి వచ్చి కూర్చుంటే ఏది గొడుగో ఏది పిల్లో తెలియలేదంటే నమ్ము. ఆ అమ్మాయి కెమెరాకి కన్ను ఆనించింది. కెమెరా ఒక్కసారి టిక్‌మంది. సరిగ్గా అప్పుడే గొడుగు స్ప్రింగు జారి ఠప్పున మూసుకుపోయింది! ఇదే, మీ నాన్న చెప్పే గొడుగుతో కొట్టడం. గోడ సగం పోయి మేం ముగ్గురం బయటపడ్డాం, బొమ్మల్లాగా. పారిపోలేదే అది! తల తిప్పి చూసింది. నన్నూ కాదు, ఆ అమ్మాయినీ కాదు, మా అత్తగార్ని. ఎప్పటి నుంచో ఎరిగున్నట్టు. ఈవిడ కూడా అలాగే చూసి, "నేనేలే" అంది చిన్నగా. అది లేచి, ఒళ్ళు విరుచుకుని, తొందరేం లేకుండా చెట్టు దూకి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి ఏడుస్తూ మా అత్తగార్ని వాటేసుకుంది. ఈవిడ "చాల్లే, తొక్కకు, తొక్కకు, కింద గొడుగులున్నాయి" అని తోసేసింది.

ఫోటో వచ్చింది. కొంచెం చెదిరింది గానీ పిల్లి అని తెలుస్తోంది. ఆ అమ్మాయి ఉందని రాసింది, ఇంకో రెండేళ్ళు పని ఇచ్చారు. వాళ్ళ పెద్దాయన జీపేసుకుని వచ్చాడు చోటెక్కడో చూపించమని. "కొండ మీద" అంది ఆ అమ్మాయి. "కొండ మీదెక్కడా?" "చాలా పెద్ద కొండ సార్." ఆయన మా అత్తగారి దగ్గరికొచ్చాడు. ఈవిడ నోటి నిండా సూదులు పెట్టుకుని "ఊఁ, ఊఁ" అని తలాడించింది. పాపం ఆయన బాగా తడిశాడు, గొడుగు ఒకటి అమ్మి పంపించాం. మంచాయనే, నవ్వుకుంటూ వెళ్ళాడు. ఆ అమ్మాయి తర్వాత వేరే కొండలకి, వేరే పిల్లులకి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఆ జల్లెడ మా అత్తగారికి ఇస్తానంది. ఈవిడ తిట్టిన తిట్లు వీధంతా విన్నారు.

నేనా? లేదు, అప్పట్లో మళ్ళీ వెళ్ళలేదు. దారి తెలుసు. కళ్ళు మూసుకుని వెళ్ళగలను. అయినా ఏటా వాన పడగానే ఆవిడ బుట్ట తీసుకుని వెళ్ళేది, నేను జనానికి సమాధానం చెప్పుకునేదాన్ని, మునుపట్లాగే. ఒక్కటే తేడా, "ఎటు పోయింది?" అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను కూడా "కాళ్ళెటు తీసుకెళితే అటు" అనేదాన్ని. ఆవిడ విని సూదుల వెనక నవ్వేది. ఆవిడ నవ్వుతోందని కళ్ళ పక్కన ముడతలు చూసి పోల్చడం నేర్చుకున్నాను. అలా చాలా ఏళ్ళు. మీ నాన్న స్కూలుకెళ్ళాడు, మీ అత్త పుట్టింది. తర్వాత ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ ఏడు రెండో వాన పడింది, ఎండ పొడ వచ్చింది. పొద్దున్నే దిగొచ్చి చూద్దును కదా, ఆవిడ నా కుర్చీలో, బల్ల వెనక కూర్చుని ఉంది. బల్ల మీద బుట్ట, బుట్టలో తడిగుడ్డ మడతపెట్టి. ముఖం చూడకుండా, "జనం వస్తారు, షాపు నేను చూసుకుంటా" అంది. "అత్తయ్యా" అన్నాను. "పొద్దెక్కుతోంది" అంది. బుట్ట అందుకున్నాను.

వెళ్ళాను ఒక్కదాన్నే. వచ్చేసరికి మధ్యాహ్నమైంది, నాకు ఆవిడంత చురుకు లేదుగా. గుడ్డ తీసి వాసన చూసింది, అలాగే ముఖం అందులో పెట్టుకుని ఉండిపోయింది. "చిన్నవి వదిలేశావా?" అంది. వదిలేశాను. "ఎలుకలకి కొన్ని?" ఉంచాను. "పిల్లి?" అంది. చాలాసేపు కూర్చున్నానత్తయ్యా, కనబడలేదు, అన్నాను, ఏదో పరీక్ష తప్పినదానిలాగా. ఆవిడ నా జుట్టులో ఆకు ఒకటి ఏరి తీసి, "నీకు కనబడకపోతేనేం. అది నిన్ను చూసే ఉంటుందిలే" అంది.

ఊఁ...

వాన మొదలైనట్టుంది చూడు. మేడ మీద బట్టలున్నాయి కదే? పద, పద.